వంపు దగ్గర రింగు

కొమురెల్లి ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో కప్పు కూలకుండా కర్రదుంగలు నిలబెట్టిన మనిషి. రిటైరై నాలుగేళ్లయినా ఆ చేతులు ఊరుకోవు. మంచం ఊగితే కాలి కింద చెక్క పెడతాడు, తలుపు కుంగితే దానికో చెక్క. గోదావరిఖనిలో వాళ్ల గల్లీలో ఎవరింట్లో ఏది ఊగినా పిలుపు ఆయనకే. అలాంటివాడికి చేపలు పట్టే గాలం కర్ర కట్టుకోవడం ఒక లెక్కా అనుకున్నాడు. అక్కడే బోల్తా పడ్డాడు.

ఆ కర్ర భార్య సారవ్వ కోసం. ఆమె పుట్టింది గోదారి ఒడ్డు ఊళ్లో. పెళ్లయిన నాటి నుంచి డ్యూటీ లేని ఆదివారం ఇద్దరూ గాలాలు పట్టుకుని నదికి పోయేవారు. ఎప్పుడూ ఆమెకే ఎక్కువ చేపలు పడేవి, ఆయన ఎప్పుడూ గాలి మీద నెపం పెట్టేవాడు. ఎనిమిది నెలల కింద పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పడిపోయింది. కాలు తేరుకుంది, మాట తేరుకుంది, చెయ్యి మాత్రం ఒళ్లో ఎక్కడ పెడితే అక్కడే. అప్పటినుంచి ఆమె గడప దాటలేదు. కొమురెల్లి బతిమాలగా బతిమాలగా చివరికి ఒప్పుకుంది.

“ఒక్కపాలి వస్త. నాతోని కాకపోతే ఇంక గాలం పేరెత్తద్దు. నన్ను మూలకు కూసోనియ్యి.”

ఆ ఒక్కపాలి కోసమే ఈ తంటా అంతా. కర్ర మొదలును కుడి చంకలో ఇరికించుకుని ఎడమ చేత్తో రీలు తిప్పేటట్టు ఉండాలి. కొమురెల్లి ఉత్త కర్ర కొన్నాడు, రీలు కొన్నాడు. దారం నడిచే రింగులు గట్టిగా ఉండాలని అన్నీ పెద్దవే, బరువైనవే తెచ్చాడు. టేపుతో కొలిచి తొమ్మిది అంగుళాలకొకటి చొప్పున ఏడు రింగులు బిగించి కట్టాడు. బాయిలో దుంగలు పెట్టింది అట్లాగే. ఇంత దూరానికొకటి, అన్నీ ఒకే లావు, అంగుళం తప్పితే పై అధికారి ఊరుకునేవాడు కాదు.

ఆమెకు ఇచ్చేముందు తానే చూడాలనుకున్నాడు. తువ్వాలతో కుడిచేతిని ఒంటికి కట్టేసుకుని, గల్లీలో నిలబడి కర్రను చంకలో పెట్టుకున్నాడు. పది నిమిషాలు కాకముందే కొస నేల చూసింది, మొదలు చంకలోంచి జారిపోయింది. చూసినవాళ్లు పగలబడి నవ్వారు. కొమురెల్లికి మాత్రం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొద్దంతా, రోజూ, ఆమె ఇట్లాగే ఉంటోందా! ఆ కట్టు విప్పబుద్ధి కాలేదు ఆయనకు.

మర్నాడు జ్యోతినగర్ నుంచి బాబూరావును పిలుచుకొచ్చాడు. కోస్తా నుంచి వచ్చి కరెంటు ప్లాంటులో పనిచేసి ఇక్కడే ఉండిపోయిన మనిషి, గాలం కర్రలంటే పిచ్చి. కర్రను చేతిలోకి తీసుకుని ఒక్కసారి ఊపాడు.

“కొమురెల్లి గారూ, ఇది గాలమా, గడ్డపారా?”

“ఏందన్న, గట్లంటవు?”

“రీలు నుంచి దారం సుడులు తిరుగుతూ వస్తుందండి. ఆ సుడిని పట్టాలి గనుక మొదటి రింగు పెద్దది. అక్కణ్నుంచి గబగబా చిన్నవైపోవాలి. కొసన కందిగింజంత చాలు. మీరేమో కొసకి ఇంత బరువు వేలాడదీశారు.”

“మరి దూరమైతే సక్కగనే పెట్టిన గద, టేపుతోని?”

“టేపు అవతల పెట్టండి. ముందు వంచి చూద్దాం.”

కర్ర మొదలును కిటికీ ఊచకు కట్టి, దారాన్ని రింగుల్లోంచి పోనిచ్చి, చివర నీళ్ల సీసా కట్టి వదిలారు. కొస దగ్గర కర్ర బాగా వంగింది, మొదలు దగ్గర వంగీ వంగనట్టుంది. వంగిన చోట దారం కర్ర వెంట పోకుండా రింగుకీ రింగుకీ మధ్య అడ్డదారి పట్టింది. అది ముందుగా పసిగట్టింది గడపలో కూర్చున్న సారవ్వ.

“ఆ కొసకాడ సూడుండ్రి. బరువంత గా రెండు రింగుల మీదనే పడుతున్నది. మొదలుకాడ ఒంగుతనే లేదు, ఆడ గన్ని రింగులెందుకు?”

బాబూరావు రెండు చేతులూ జోడించాడు. “అమ్మా, ఈ సంగతి తెలియడానికి నాకు మూడు కర్రలు విరిగాయి.”

సారవ్వ నవ్వలేదు. మొగుడి వైపు తిరిగింది.

“నన్ను గూడ నువ్వు గిట్లనే చేస్తున్నవయ్యా. నడుస్తనంటే పట్టుకుంటవ్, కూసుంటనంటే పట్టుకుంటవ్. జడ ఏసుకోరాదు నాకు, గదొక్కటి ఎయ్యి. ఏడ ఒంగుతున్ననో ఆడ పట్టు. అన్ని తావుల పట్టుకుంటే ఊపిరాడ్తలేదు.”

కొమురెల్లి తల వంచుకున్నాడు. ఎనిమిది నెలల్లో ఆమె ఒక్కసారిగా ఇన్ని మాటలు అనలేదు. తిట్టే అయినా, ఎంత తీయగా ఉంది!

రింగులకు కట్టిన దారాలన్నీ కోసేశాడు. చిన్న రింగులు తెచ్చి, ముందు ఊరికే అతికించి, మళ్లీ సీసా కట్టాడు. సారవ్వ చెబుతూ ఉంటే ఆయన జరిపాడు. “ఇంకింత కిందికి. అగో, ఆడ.” మొదలు దగ్గర జానెడుకు పైగా దూరం, కొసకు పోయేకొద్దీ నాలుగు వేళ్ల ఎడం. దారం చుట్టి జిగురు పూసి రెండు రోజులు ఆరబెట్టాడు.

ఆదివారం పొద్దున నది మెట్లు ఆమె తానే దిగింది. వెనకాల కొమురెల్లి రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని దిగాడు. బొగ్గుబాయి దిగడం కూడా అంత కష్టం కాలేదు ఆయనకు.

ఇద్దరూ కింది మెట్టు మీద కూర్చున్నారు. ఆమె మొదటిసారి విసిరితే గాలం కాళ్ల దగ్గరే పడింది. రెండోసారి దూరం పోయింది. ఎండ ఎక్కుతుండగా దారం గుంజుకుంది, కర్ర వంగింది. చంకలోంచి జారలేదు. సారవ్వ పళ్లు బిగించి ఎడమ చేత్తో రీలు తిప్పింది. కొమురెల్లి లేవబోయి, ఆగి, మళ్లీ కూలబడ్డాడు. ఒడ్డు దాకా వచ్చిన రవ్వచేప ఒక్క ఎగురు ఎగిరి, గాలం విడిపించుకుని పోయింది.

ఒక్కపాలి అన్న మాట కొమురెల్లి గుండెల్లో గుచ్చుకుంది. ఇక ఈ కర్ర అటక మీదికే, ఈమె మూలకే అనుకున్నాడు. ఆమె ముఖం చూడటానికి భయమేసింది.

“ఏం జూస్తున్నవయ్యా? ఎర తే, జల్ది!” అని సారవ్వ చెయ్యి చాపింది.

ఎడమ చెయ్యి రీలు మీదే ఉంది. చాపింది కుడిచెయ్యి. ఒళ్లోంచి బెత్తెడు ఎత్తు లేచి, వణుకుతూ గాలిలో ఆగింది. ఆమె కళ్లు నీళ్ల మీదే ఉన్నాయి, తన చెయ్యి లేచిందని ఆమెకే తెలియదు. చెబితే ఎక్కడ పడిపోతుందో అని కొమురెల్లి నోరు మెదపలేదు. కళ్లు తుడుచుకుని, ఎర తీసి ఆ అరచేతిలో పెట్టాడు.