ముప్పావు చుట్టు

ఒనుఫ్రీని అనుమానించకపోతే నేను వెర్రివాణ్ణే అయ్యుండాలి. మా మోల్దోవిత్సా లోయలో మోటారు రంపాలు విప్పి బాగుచేసేది అతనొక్కడే. నేను ఓడించాల్సింది అతని అల్లుడు లికాని. నా రంపమేమో పిస్టన్ అరిగిపోయి, పొగ కక్కుతూ, చచ్చినట్టు అతని బల్ల మీదికే వెళ్ళాలి.

కొండ మీద చెట్లు కొట్టే మా జట్టులో ఒకణ్ణి తగ్గించమని పైనుంచి మాట వచ్చింది. మేస్త్రీ హొరియా ఎవరి చేతా చెడ్డ అనిపించుకోడు. శనివారం మనిషికి మూడేసి బీచ్ చెట్టు దుంగలు పెడతానన్నాడు. లికా, నేను కొయ్యాలి. ముందు కోసినవాడు కొండ మీద ఉంటాడు, రెండోవాడు కింద కోత మిల్లులో పలకలు పేర్చుకోవాలి. పలకలు పేర్చడం నడుములు పడిపోయిన ముసలివాళ్ళ పని. పాతికేళ్ళు కొండ మీద బతికినవాణ్ణి, ఆ షెడ్డులో ఒక్క చలికాలం కూడా ఉండలేను.

"రెండు రోజులు పడుతుంది. వదిలేసి పో," అన్నాడు ఒనుఫ్రీ.

"వదలను. ఇక్కడే కూచుంటా."

"నా మొహం చూస్తూనా?"

"మొహం కాదు బాబాయ్, చేతులు."

అతను నవ్వలేదు. కాలితో ఒక పీట నా వైపు తోశాడు.

రెండు రోజులూ ఆ పీట దిగలేదు. మమలీగా అనే మొక్కజొన్న ముద్ద, ఉల్లిపాయ అక్కడే తిన్నాను. ఒనుఫ్రీ సిలిండర్ విప్పి, పొగ బయటికి పోయే కంత అంచుని చిన్న సానరాయి చక్రంతో అరగదీశాడు. గోటితో తడిమి చూసుకుని మళ్ళీ అరగదీశాడు. కొత్త పిస్టన్, కొత్త రింగు వేశాడు. అంతా బాగానే ఉందనుకుంటుండగా, సిలిండర్ కింద ఉండాల్సిన పల్చటి గ్యాస్కెట్ తీసి చెత్తలో పారేసి, అది లేకుండానే బిగించబోయాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఒక సామాను తగ్గించావే?"

"అదుంటే పిస్టన్‌కీ పైకప్పుకీ మధ్య సందు ఎక్కువైపోద్ది. సందు తగ్గితే గట్టిగా తంతది."

"పిస్టన్ పైకొచ్చి కొట్టుకుంటే?"

టంకం తీగ ముక్కని ప్లగ్గు కంతలోంచి దూర్చి, ఇంజను ఒక్క చుట్టు తిప్పి, నలిగిన కొసని కొలిచి నా ముక్కు కింద పెట్టాడు. "చాలా? మీ ఆవిడ్ని కూడా పిలిచి చూపించమంటావా?"

సందు సరిగ్గానే ఉంది. అదే నాకు నచ్చలేదు. ఇంత శ్రద్ధ ఎందుకు? సొంత అల్లుడి నోటిదగ్గర కూడు తీసి నాకు పెట్టేంత మంచివాడు మా లోయలో ఇంకా పుట్టలేదు.

సైలెన్సర్ మూతి కూడా పెద్దది చేశాడు. శుక్రవారం సాయంత్రం, పెట్రోలు ఎంత పోవాలో చూసే కార్బురేటర్ స్క్రూని ఒకటిన్నర చుట్టు తెరిచి, రంపం స్టార్ట్ చేసి పూర్తిగా రేజ్ చేశాడు. అది నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు గుడగుడమంది.

"ఇదేంటి, ఇలా మూలుగుతోంది?"

"ఇప్పుడిది ఎక్కువ గాలి పీలుస్తదిరా. గాలికి తగ్గ పెట్రోలు పొయ్యాలి. పెట్రోలుతోటే ఆయిలూ పోద్ది. ఖాళీగా తిప్పితే గుడగుడ అనాలి, దుంగలో దిగాక గొంతు తేటపడాలి. ఒక్క మాట చెప్తా విను. ఆ స్క్రూ మాత్రం ముట్టుకోకు."

ముట్టుకోకు అన్నాడంటే అక్కడే ఏదో పెట్టాడన్నమాట. రాత్రంతా అదే ఆలోచన. ఖాళీగా గుడగుడ అనాలని నాకూ తెలుసు, మరీ ఇంత గుడగుడా? ఆ రంపం గొంతు నా పెళ్ళాం గొంతు కన్నా నాకు బాగా తెలుసు. సైలెన్సర్ మూతి మారాక గొంతు కూడా మారుతుందన్న ఇంగితం ఆ పూట నాకు లేకపోయింది. శనివారం పొద్దున్న మిల్లు వెనక్కి వెళ్ళి స్క్రూని లోపలికి బిగించాను. గుడగుడ పోయి పాత కీచుగొంతు వచ్చింది. దొరికావురా ముసలోడా అనుకున్నాను.

మొదటి దుంగలో లికా ఇంకా సగంలో ఉండగానే నాది తెగి కింద పడింది. రెండోదీ అంతే. జట్టంతా నా పేరు పెట్టి అరుస్తోంది. మూడో దుంగలో సగం దిగాక రంపం గొంతు ఇంకా పైకి పోయి, ఒక్కసారిగా పట్టేసింది. తాడు లాగితే కదల్లేదు. లికా తన మూడో దుంగ కూడా కోసేశాడు.

హొరియా సైలెన్సర్ ఊడదీసి లోపలికి చూశాడు. పిస్టన్ మీద నిలువునా గీతలు. "పెట్రోలు చాలక కాలిపోయింది. ఎవడో కావాలనే బిగించాడు," అన్నాడు. అందరి తలలూ పోటీ చూడ్డానికొచ్చిన ఒనుఫ్రీ వైపు తిరిగాయి.

ఒనుఫ్రీ వచ్చి రంపం ముందు కూచున్నాడు. స్క్రూని ఆగేదాకా లోపలికి తిప్పుతూ లెక్కపెట్టాడు. "ముప్పావు చుట్టు," అన్నాడు. అతను పెట్టింది ఒకటిన్నర అని తెలిసినవాళ్ళం ఇద్దరమే. తలెత్తి నా వైపు చూశాడు. చెప్పెయ్యాలి. చెప్తే సోమవారం నుంచి పలకలు.

"మామా అల్లుళ్ళు కలిసి ఆడిన నాటకమా ఇది?" అన్నాడు హొరియా.

"వాడికేం తెలీదు," అన్నాడు ఒనుఫ్రీ మెల్లగా లేస్తూ. "బిగించింది నేనే."

నా చెవుల్ని నేను నమ్మలేదు. లికా చేతితొడుగులు ఊడదీసి మామ మొహాన కొట్టాడు. "నువ్వు వేలు పెట్టకపోయినా గెలిచేవాణ్ణి కదయ్యా! జట్టు మధ్యలో పరువు తీశావు!"

మోసంతో గెలిస్తే అది గెలుపు కాదు, సోమవారం నుంచి లికా మిల్లుకి పోవాలి అన్నాడు హొరియా. నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక ఒనుఫ్రీని దారిలో పట్టుకున్నాను.

"తిప్పింది నేనని నీకు తెలుసు. ఎందుకలా అన్నావు బాబాయ్?"

"గాడిదకి చెప్పినట్టు చెప్పా కదరా, ముట్టుకోవద్దని! కొండ మీద మా పెద్దోడి శవాన్ని చెట్టు కిందనుంచి లాగిన రోజు నువ్వూ ఉన్నావు. కాళ్ళు పట్టుకుంది నువ్వే. ఇప్పుడు మా అమ్మాయి సాఫ్తాకి ఏడో నెల. మొగుడు కొండ దిగేదాకా పిచ్చిదాన్లా గేటు కాడే నిలబడతది. దిగి రారా అని లికాకి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పా. వింటేనా? ఓడితే తప్ప దిగడు. అందుకే నీ రంపాన్ని ఎవడికీ చెయ్యనంత బాగా చేశా. దాన్ని కాస్తా తగలేశావు."

"ఇప్పుడే వెళ్ళి నిజం చెప్పేస్తా."

"చెప్తే వాడు మళ్ళీ కొండెక్కుతాడు. నోర్మూసుకుని ఇంటికి పో."

నోరు మూసుకునే ఉన్నాను. సాఫ్తాకి కొడుకు పుట్టాడు. లికా చీకటి పడకముందే ఇల్లు చేరుతున్నాడు, మామని మాత్రం గడప తొక్కనివ్వడు. లోయలో రంపాలన్నీ ఇప్పుడు కొండ అవతలి మెకానిక్ దగ్గరికి పోతున్నాయి. ఒనుఫ్రీ ఖాళీ బల్ల ముందు కూచుంటున్నాడని విన్నాను. అటు వెళ్ళడానికి నాకు మొహం చెల్లడం లేదు.

మధ్యాహ్నం నిప్పు చుట్టూ చేరి తింటున్నప్పుడు ఎవడో ఒకడు నా వైపు తిరిగి మొదలుపెడతాడు. "ఏరా తొదెర్, మళ్ళీ ఒనుఫ్రీ చేత చేయిస్తావా రంపం?" అందరూ పగలబడి నవ్వుతారు. నవ్వకపోతే అనుమానిస్తారని, అందరికన్నా గట్టిగా నేనే నవ్వుతున్నాను.