నీళ్లకు ముందు తూకం

దూడ నాలుగు కాళ్లూ తూకపు పలక మీద నిలిచేదాకా అతను ఊపిరి బిగబట్టాడు. తన ఊపిరికి కూడా ముల్లు కదులుతుందేమోనని ఉద్యోగంలో చేరిన కొత్తలో భయపడేవాడు. ఇప్పుడా భయం లేదు, బిగబట్టడం మాత్రం మిగిలింది. పొట్టి మనిషి. మొండికేసిన దూడల్ని తోసి తోసి ఎడమ భుజం కిందికి వాలిపోయింది. పశువుల పెంపక కేంద్రంలో అందరూ అతన్ని తూకాలాయన అంటారు.

"మావాడి బిడ్డేగా అన్నయ్యా? తూగుతుందిలే. అంతా అయ్య పోలికే!" కంచె అవతల నుంచి తోడల్లుడు అరిచాడు.

మావాడంటే నల్ల ఆంబోతు. తోడల్లుడు దాని కాపరి. కేంద్రంలో ఇంకో ఆంబోతు ఉంది, ఎర్రది. రెంటిలో ఒకదాన్నే ఉంచుకుంటారు. దేని దూడలు ఏపుగా ఎదిగాయో ఇవాళ్టి తూకాలతో తేలిపోతుంది. ఓడినదాన్ని సాయంత్రమే కబేళాకు పంపుతారు. లారీ కూడా మాట్లాడేశారు.

వాళ్లిద్దరూ అక్కచెల్లెళ్లను చేసుకున్నారు. గోడకు గోడ ఆనిన ఇళ్లు. అవతల తోడల్లుడు ఏదో అంటాడు, మరదలు పగలబడి నవ్వుతుంది. ఇవతల అతని భార్య గరిటె తిప్పుతూ, విననట్టే వింటూ, పెదవి చివర నవ్వుకుంటుంది. "మరిదికి ఎంత చాకిరీ చేసినా హుషారు తగ్గదు" అని ఒకసారి అంది. ఒక్కసారే. ఆ మాట పళ్ల సందున పీచులా ఇరుక్కుంది. అప్పట్నుంచీ అతను నాలుకతో దాన్నే తడుముకుంటూ బతుకుతున్నాడు.

తూకం ఎప్పుడూ నీళ్లకు ముందే వేయాలి. కడుపునిండా తాగిన దూడ లేని బరువు చూపిస్తుంది. నల్లదాని దూడలన్నీ ఎండిన డొక్కలతో పలకెక్కి దిగాయి. ఎర్రదాని దూడల వంతు వచ్చింది. అతను నీళ్ల తొట్టి అడ్డుకర్ర తీసి, బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. లేసు ఊడలేదు. దూడలు తాగుతున్న చప్పుడు వింటూ మెల్లగా విప్పాడు, ఇంకా మెల్లగా కట్టుకున్నాడు.

మధ్యాహ్నం లెక్కలు కట్టే అమ్మాయి అందర్నీ వరండాలోకి పిలిచింది. "ఎదుగుదలలో తండ్రి రక్తం వాటా ఎంత, తల్లి పాల వాటా ఎంత, మేతా నీళ్ల వాటా ఎంత అని విడదీస్తామండీ. మన దగ్గర మేతా నీళ్లూ అన్నిటికీ ఒకటే. కాబట్టి తల్లి పాల సంగతి తీసేస్తే, మిగిలే తేడా పుట్టుకతో వచ్చిందే."

ఒకటే అన్నప్పుడు ఆమె తూకాలాయన వైపు చూసి, నమ్మకంగా నవ్వింది. అతని చెవులు వేడెక్కాయి. మరి తనలోని ఈ మంట ఎవరి వాటా? పక్కింటివాడు కొత్త గొడుగు కొంటే తన తండ్రికి ఆ పూట అన్నం సహించేది కాదు. ఇదీ పుట్టుకతో వచ్చిందేనని ఈ అమ్మాయి తేల్చి చెబితే ఎంత బాగుండును!

"చాలా కొద్దిలో పోయింది" అంది ఆమె. ఓడింది నల్లది.

లారీ వచ్చేసరికి తోడల్లుడు కొట్టం గోడకు జారగిలబడి, నోరు తెరిచి పసివాడిలా ఏడుస్తున్నాడు. అక్కచెల్లెళ్లిద్దరూ పరుగెత్తుకొచ్చారు. చెల్లెలు మొగుడి తల ఒళ్లోకి తీసుకుంది. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడవడం కూడా వీడికే చక్కగా వచ్చు, అనుకున్నాడు తూకాలాయన.

"అన్నయ్యా, నా చేత్తో ఎక్కించలేను. నువ్వయితే దాన్ని కొట్టవు. నువ్వే పట్టుకో."

అతను తాడందుకున్నాడు. ఆంబోతు నెమ్మదిగా నడిచింది. లారీకి ఆనించిన బల్ల మీద ముందుకాళ్లు పెట్టి ఆగి, మెడ తిప్పి చూసింది. తాడు పట్టిన మనిషిని కాదు, అతని వాలిన భుజం మీదుగా వెనక్కి. అంత పెద్ద కళ్లలో అతనెక్కడా లేడు. తన కోసం ఇలా వెనుదిరిగి చూసిన ప్రాణి ఒక్కటైనా ఉందా అని వెతుక్కున్నాడు.

ఇప్పుడు చెప్పేసినా ఇది ఆగుతుంది. మాట నోటిదాకా వచ్చింది. ఆంబోతు ఇంకా అటే చూస్తోంది.

అతను తాడు బిగించి లాగాడు.

లారీ మలుపు తిరిగింది. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఇళ్లవైపు నడిచారు. అతన్ని రమ్మనడం ఎవరికీ తోచలేదు. కొట్టం ఊడుద్దామని లోపలికి వెళ్లాడు. దూలం నుంచి ఆంబోతు నాకే ఉప్పు దిమ్మ వేలాడుతోంది. నాలుక అరగదీసిన చోట అది గిన్నెలా గుంటపడింది. ఆ గుంటలో తడి ఇంకా ఆరలేదు.