వెన్నింగ్ టీచరు చదివిన పాత కాగితాలు

మా నెదర్‌కూంబ్‌లో వెన్నింగ్ టీచరు చేత చెవి మెలిపెట్టించుకోనివాడు లేడు. నలభై ఏళ్లు పాఠాలు చెప్పింది. బీరు వాసన గిట్టదు. చర్చి ఎదుట ఉన్న ‘మూడు బాతులు’ పబ్బును మూయించమని ఏటా అధికారులకు ఉత్తరం రాసేది.

ఆ ఏడు ఏప్రిల్‌లో పబ్బు పొగగొట్టం బాగుచేస్తుంటే ఇటుకల వెనక ఒక తోలుసంచి దొరికింది. నిండా పాత కాగితాలు. పబ్బు నడిపే సైలస్ పర్కిస్ వాటిని ఎంత తిరగేసినా ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాడు. చర్చి ఫాదరు కూడా చూసి, “ఇంత పాత రాత చదవగలిగేది మన ఊళ్లో వెన్నింగ్ టీచరొక్కరే” అని తేల్చేశారు.

సైలస్ టోపీ చేత్తో పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏంట్రా, ఆ పబ్బు కంపు నా ఇంటిదాకా మోసుకొచ్చావు?”

“కంపు కాదు టీచరుగారూ, కాగితాలు. మీరే చదివిపెట్టాలి.”

“నేను చదవను. తీసుకుపో.”

“సరేనండి. పొయ్యిలో పడేస్తాను.”

“పొయ్యిలోనా! దద్దమ్మా, ఇలా తే!”

మూడు రోజులు ఆమె గడప దాటలేదు. శనివారం మధ్యాహ్నం పబ్బు తలుపు తోసుకుని లోపలికొచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. అందరం గ్లాసులు కిందపెట్టి లేచి నిలబడ్డాం.

“కూర్చోండి,” అని ఆమె కళ్లజోడు సర్దుకుంది. “పదహారు వందల పన్నెండులో ఈ ఇంట్లో బీరు కాచి అమ్ముకోవడానికి ఒక వితంతువుకి అనుమతి ఇచ్చారు. ఆమె పేరు...” కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. “జోన్ వెన్నింగ్. మా వంశమే.”

ఎవరూ నవ్వే సాహసం చెయ్యలేదు.

“బీరు రుచి చూసి మంచిచెడ్డలు చెప్పడానికి ఊరు పెట్టుకున్న మనిషి ఒకడుండేవాడు. వాడు నీళ్లలా ఉందన్నాడట. ఆవిడ గరిటె తీసుకుని వాడి నెత్తిన ఒక్కటిచ్చింది. వాడి పేరు హ్యూ పర్కిస్.”

సైలస్ తల తడుముకున్నాడు. అప్పుడిక పబ్బంతా గొల్లుమంది.

“అయితే టీచరుగారూ, ఇన్నేళ్లూ మీరు మూయించమన్నది మీ ముత్తవ్వ పబ్బునా?” అన్నాడు సైలస్.

“అవున్రా. ఈ కాగితాలు దాచేద్దామని కూడా అనుకున్నాను. కానీ నలభై ఏళ్లు మీకు అబద్ధమాడొద్దని చెప్పి, ఇప్పుడు నేనే ఆడనా?”

సైలస్ కిటికీ పక్కన కుర్చీ తుడిచి వేశాడు. “ఏం తీసుకుంటారు?”

“టీ. చిక్కగా.”

ఆ ఏడు అధికారులకు ఉత్తరం వెళ్లలేదు. బదులుగా ఆమె ‘మూడు బాతులు’ చరిత్ర రాయడం మొదలుపెట్టింది. రాసిందల్లా ప్రతి శనివారం మాకు చదివి వినిపించేది. “మా తాతను మరీ తాగుబోతుని చేశారండీ,” అని ఎవరో ఒకరు గొడవపడేవారు. “సాక్ష్యం తెచ్చుకో, ఆ వాక్యం కొట్టేస్తాను,” అనేది ఆమె. మధ్యలో గుసగుసలాడినవాణ్ణి లేపి నిలబెట్టేది. యాభై ఏళ్లవాడైనా బీరు గ్లాసు పట్టుకుని, ఆమె కూర్చోమనేదాకా గోడవారన బుద్ధిగా నిలబడేవాడు.