కడిగిన కమాను

పన్నెండున్నరకు లాండ్రీలో మూడో యంత్రం ఆగింది. తలుపు తీయగానే ఆవిరి మొహాన కొట్టింది. విడతకు నలభై ఆసుపత్రి దుప్పట్లు, నీళ్ళు తాగి రాళ్ళలా బరువెక్కి ఉన్నాయి. వాటిని తోపుడుబండిలోకి లాగుతూనే ఆమె గోడ గడియారం వైపు చూసింది. ఒంటిగంటకు బళ్ళో కూతురి ఫిడేలు పాఠం.

"మేస్త్రిగారూ, రెండింటికి పాఠం కాగానే వచ్చేస్తాను. నిన్ననే చెప్పాను కదా."

"బుధవారం వచ్చిందంటే చాలు, నీకు సంగీతం పూనుతుంది. పాఠం నీకా, నీ కూతురికా?"

"దానికేనండీ. పెద్దవాళ్ళు పక్కన కూర్చోకపోతే చోటు తీసేస్తారట."

"వెళ్ళు. ఈ పూట కూలి మాత్రం రాయను. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట!"

ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే పెద్దామె ఆ మాటకు నవ్వలేదు. "నీ బండి నేను తోస్తాలే, పో పిల్లా," అంది.

ఫిడేలు బడిదే, ఊరికే ఇచ్చారు. షరతు ఒక్కటే. మొదటి మూడు నెలలూ ప్రతి బుధవారం ఒంటిగంట నుంచి రెండింటి దాకా ఇంట్లోవాళ్ళొకరు వచ్చి పాఠం వినాలి. వింటేనే ఇంటి దగ్గర సాధన చేయించగలరట. ఆ నియమం రాసిన మహానుభావుడెవరో గాని, మిట్టమధ్యాహ్నం తీరిగ్గా ఉండే తల్లులను తప్ప ఇంకెవర్నీ చూసి ఉండడు. ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరే. భర్త పోయి మూడేళ్ళయింది. మేడమీది వాళ్ళ పేర్లు తెలియవు, ఎదురింటివాళ్ళు తలుపు తీయరు. ఆ గదిలో సాయంత్రం పూట కొళాయి చుక్కల చప్పుడు తప్ప మరో చప్పుడుండేది కాదు.

ఫిడేలు వచ్చాక అది మారింది. పిల్లకు తొమ్మిదేళ్ళు. ఒక చోట కుదురుగా నిలబడదని పిచ్చుక అని పిలుస్తారు. ఆ పిచ్చుక గడ్డం కింద ఫిడేలు పెట్టుకుంటే అరగంట కదలదు. వచ్చేది కీచుమనే శబ్దమే. అయినా తల్లి అన్నం వండుతూ, ఇంట్లోకి చుట్టమెవరో వచ్చినట్టు, చెవులు రిక్కించి వినేది.

నిన్న సాయంత్రం సాధన అయ్యాక పిచ్చుక కిందికి ఆటకు వెళ్ళినప్పుడు ఆమె ఫిడేలు పెట్టె తెరిచింది. తీగల మీద లాగే కమాను వెంట్రుకల నిండా తెల్లటి పొడి. ఆమె ప్రాణం చివుక్కుమంది. అందరి పిల్లల మధ్యా తన పిల్ల మురికి వస్తువు పట్టుకుని నిలబడుతోందా? పదకొండేళ్ళుగా ఊరివాళ్ళ మురికి వదలగొడుతున్న మనిషి. గోరువెచ్చని నీళ్ళు తెచ్చింది. చంటిపిల్లల ఉన్ని బట్టలను ఉతికినట్టు రెండు వేళ్ళ మధ్య సబ్బు రాసి, మూడుసార్లు జాడించి, కిటికీకి ఆరేసి, పిచ్చుక వచ్చేలోగా మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. వెంట్రుకలు మల్లెపువ్వులా తెల్లబడ్డాయి. ఆమెకు ఎంతో తృప్తిగా అనిపించింది. అడగడానికి మనిషి లేదు సరే, అసలు అడగాల్సిన సంగతి ఉందనే ఆమెకు తోచలేదు.

పాఠం గదిలో ఎనిమిదిమంది పిల్లలు. గోడ వెంట చిన్న కుర్చీల్లో పెద్దవాళ్ళు. ఆమె పక్క కుర్చీ ఎప్పటిలాగే ఖాళీ. చేతులకు బ్లీచింగు వాసన కదా. ఆమె వాటిని ఒళ్ళో దాచుకుంది.

మాస్టారు చెయ్యెత్తారు. ఏడు ఫిడేళ్ళు మోగాయి. పిచ్చుక కమాను తీగ మీద అటూ ఇటూ జారింది. చప్పుడు లేదు. గట్టిగా అదిమింది. అయినా లేదు. వెనక ఎవరో పిల్లాడు కిసుక్కున నవ్వాడు.

మాస్టారు కమాను తీసుకుని వెంట్రుకలు తడిమారు. "ఎవరు కడిగారు దీన్ని?"

"నేనే మాస్టారూ," అంది పిచ్చుక, తల్లి వైపు చూడకుండా.

తల్లి లేచి నిలబడింది. "అది కాదండీ, నేను కడిగాను. మురికి అనుకున్నాను."

ఈసారి నవ్వింది పెద్దవాళ్ళు. ఆమెకు భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

"మురికి కాదమ్మా, అది రోజిన్ పొడి. చెట్టు బంకతో చేస్తారు. అది రుద్దితేనే కమాను తీగను పట్టుకుంటుంది. మొదటి బుధవారమే చెప్పానే!"

మొదటి బుధవారం మేస్త్రి ఆమెను ఒకటిన్నర దాకా వదల్లేదు. ఆమె వచ్చేసరికి ఆ మాట అయిపోయింది.

నవ్వులు విని పక్క గదిలోంచి ఆఫీసు మేడమ్ వచ్చింది. సంగతి విని, వెళ్ళి ఒక కాగితం తెచ్చింది.

"బడి వస్తువు పాడుచేస్తే చోటు పోతుంది. ఇక్కడ సంతకం పెట్టండి. పదకొండుమంది పిల్లలు ఎదురుచూస్తున్నారు."

"పాడవలేదండీ," అన్నారు మాస్టారు. "బాగా ఆరాక మళ్ళీ రుద్దితే..."

"మీరు పాఠం చూసుకోండి మాస్టారూ."

మాస్టారు కమానును పిచ్చుక చేతికి తిరిగిచ్చేశారు. ఆయనదీ ఉద్యోగమే.

ఆమె కలం అందుకుంది. పనిలో చేరిన రోజు ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టింది. ఆసుపత్రిలో భర్త శవాన్ని అప్పగించినప్పుడూ పెట్టింది. పాత గది ఖాళీ చేయించినప్పుడూ పెట్టింది. దేన్నీ చదవలేదు, చదవనిచ్చిన వాళ్ళూ లేరు. పిచ్చుక ఫిడేలును గుండెలకు అదుముకుని చూస్తోంది. ఆమె కాగితాన్ని కళ్ళ దగ్గరకు తెచ్చుకుని కూడబలుక్కుంది. 'మా ఇష్టపూర్వకంగా మా అమ్మాయిని మాన్పించుకుంటున్నాము.'

"ఇది మా ఇష్టం కాదండీ."

"అందరికీ అలాగే రాస్తాం. ఊరికే మాట వరసకి."

"మాట వరసకైనా నేను పెట్టను." కలం తిరిగి ఇచ్చేసింది. "చోటు తీసేస్తే మీరు తీసేశామని రాయండి. దాని కింద మీరే సంతకం పెట్టండి."

మేడమ్ కాగితం లాక్కుని, "పైవాళ్ళతో మాట్లాడతాను, వాళ్ళే చూసుకుంటారు," అని విసురుగా వెళ్ళిపోయింది.

ఆమె కుర్చీలో కూలబడింది. ఒక్క పలకరింపు కోసం చుట్టూ చూసింది. అందరూ తమ తమ పిల్లల వైపే చూస్తున్నారు.

"వాయించు," అంది కూతురితో.

"చప్పుడు రాదమ్మా."

"రాకపోతే పోనీ. చెయ్యి కదిలించు."

మాస్టారు మళ్ళీ చెయ్యెత్తారు. ఏడు ఫిడేళ్ళు మోగాయి. ఎనిమిదో కమాను చప్పుడు లేకుండా వాటితోపాటే కదిలింది. రెండు దాటింది, పాఠం ఇంకా నడుస్తోంది. సంచిలో ఫోను కొట్టుకుంటోంది, మేస్త్రి అయి ఉంటాడు. ఆమె లేవలేదు. పిల్ల మోచేతినే చూస్తూ కూర్చుంది.