బందరు ఆంధ్రా విలాస్‌కి కొత్త పేరు

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా హోటళ్ల బోర్డుల్లో సగం నా చేతిరాతే. యజమాని మారితే పేరు మారుతుంది, కొడుకు పుడితే మారుతుంది, గిరాకీ తగ్గితే జ్యోతిష్కుడు మార్పిస్తాడు. నాకేం, రంగు రంగే. కాని ఒక్క పేరు మాత్రం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

అది అరవైతొమ్మిది వేసవి. తెలంగాణ ఉద్యమం ఊపు మీదుంది. 'ఆంధ్ర' అన్న మాట కనిపించిన బోర్డుల మీద రాళ్లు పడుతున్నాయి. వీరరాఘవరావుగారు బందరు నుంచి వచ్చి, పన్నెండేళ్లుగా చిక్కడపల్లి సందులో 'బందరు ఆంధ్రా విలాస్' నడుపుతున్నారు. ఆ ఉదయం నాకు కబురు పెట్టారు. మధ్యాహ్నం ఊరేగింపు అశోక్ నగర్ మీదుగా ఇటే వస్తుందట.

"శ్రీపతిగారూ, ముందు పాతది గీకెయ్యండి. ఈలోగా కొత్త పేరు ఆలోచిస్తాను," అన్నారు.

ఆలోచించడమంటే అంతా ఇంతా కాదు. 'కృష్ణా' అన్నారు, ఆంధ్రా వాసన కొడుతుందని తనే వద్దన్నారు. 'గోదావరి' అన్నారు, అదీ వద్దన్నారు.

"రెండు నదులు మా దిక్కు నుంచే మీ దిక్కు వస్తయి రావుగారూ," అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు. ఎలా వస్తుంది? ఆ హోటలు తప్ప ఆయనకు ఈ ఊళ్లో ఏమీ లేదు. అది పగిలితే ఇక మూటాముల్లే సర్దుకోవడమే.

నిచ్చెనెక్కి రేకు గీకుతుంటే 'ఆంధ్రా' కింద ఉర్దూ అక్షరాలు బయటపడ్డాయి. ఏదో చాయ్‌ఖానా. ఇంకా గీకితే దాని కింద నాగరి అక్షరాలు, ఎవరో మరాఠీ ఆయన పెట్టిన భోజనశాల. ఇన్నేళ్లు రేకంటే రేకే అనుకున్నాను నేను, తెలివితక్కువవాణ్ణి. ఇదే గుమ్మంలో ముగ్గురు మనుషులు వేరువేరు భాషల్లో పొయ్యి వెలిగించారు. ఎంతమంది ఆకలి తీరిందో ఇక్కడ! ఆ అక్షరాలూ గీకేశాను.

అంతలోనే నినాదాలు వినిపించాయి. అనుకున్నదానికన్నా ముందే వచ్చేశారు. పేరు తేలలేదు, బోర్డు బోడిగా ఉంది.

రెండు వందల మంది కాలేజీ విద్యార్థులతో సందు నిండిపోయింది. ముందున్నవాడు, "ఆంధ్రా హోటల్ ఇదే గదా?" అని గద్దించాడు. రావుగారు గుమ్మంలో కొయ్యబారిపోయారు. నోరు తెరిస్తే ఆయన యాసే ఆయన్ని పట్టిస్తుంది.

హోటలు పెట్టిన నాటి నుంచీ లోపల గిన్నెలు తోమే బీరమ్మ బూడిద చేతులతోనే బయటికి వచ్చింది. ముషీరాబాద్ మనిషి. ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు.

"ఏ ఆంధ్రా హోటల్? ఇది బీరమ్మ హోటల్. నాది."

"నీదా? మరి బోర్డేది?"

"రాస్తుండు గదా, కండ్లు కనవడ్తలేవా? జల్ది రాయన్నా!"

అందరి చూపులూ నా మీద పడ్డాయి. కుంచె ముంచి 'బీ' అని రాశాను. ఎవరో పైకి చదివారు. 'ర' రాస్తే పదిమంది చదివారు. 'మ్మ' పూర్తయ్యేసరికి సందంతా ఒక్క గొంతుతో "బీరమ్మ!" అంది. అంత చదువుకున్న పిల్లలు చదువుతున్నది గిన్నెలు తోమే మనిషి పేరు.

"మన అక్కదేరా, నడువుండ్రి," అంటూ ముందుకు సాగిపోయారు.

వాళ్లు మలుపు తిరిగాక బీరమ్మ తల దించుకుంది. "అబద్ధమాడిన అన్నా. తుడిచెయ్. అయ్య చెప్పిన పేరు రాయ్."

"తుడవద్దు," అన్నారు రావుగారు. రోజూ 'ఏమే బీరమ్మా' అని కేకలేసే ఆయనే తన కండువాతో బల్ల తుడిచారు. "బీరమ్మగారూ, కూర్చోండి. ఆకు వేస్తాను."

'గారు' అన్న మాటకి ఆమె బిత్తరపోయింది. "గిన్నెలున్నయ్ అయ్యా," అంది.

"ఉండనివ్వండి."

ఆమె బెంచీ అంచున కూర్చుంది. ఆయన వంగి విస్తరి పరిచారు, నీళ్లు చల్లారు, గుండిగలోంచి అన్నం తెచ్చి వడ్డించారు. ఆమె ముద్ద కలపబోయి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అయ్యా, మన హోటల్ల అన్నం గింత వేడిగుంటదా?" అంది. "పన్నెండేండ్లాయె, నాకు ఎరుకనే లేదు."