మంచినీళ్ళడిగిన ముసలమ్మ

రథసప్తమి నాడు ఆమదాలవలస స్టేషన్లో దిగిన జనం అరసవల్లి దేవుడి కంటే ముందు గణపతిరావు దర్శనం చేసుకునేవారు. బెల్లం కొట్టు ఆయనది. ఆ రోజు కొట్టుకు తాళం వేసి, స్టేషను బయట తాటాకుల పందిరి వేయించి, మైకు కట్టించి, తప్పిపోయిన వాళ్ళని పోగు చేసేవాడు. పిల్లలైతే బెల్లం ముక్క, ముసలివాళ్ళైతే మజ్జిగ. మధ్యాహ్నం దాకా ఎవరూ వెతుక్కుంటూ రాని వాళ్ళని జట్కా ఎక్కించి తన ఇంటికి పంపేసేవాడు. అన్నం పెట్టడం భార్య సుభద్రమ్మ వంతు. ఆ వంతు ఎప్పుడు పంచుకున్నారో ఆమెకు మాత్రం తెలీదు.

ఆ ఏడు ఆవిడ ముందు రోజే మొగుడి కాళ్ళకు అడ్డం పడినంత పని చేసింది.

"రేపొక్కరోజు ఇంటికాడ ఉండండి. మీకు పున్నెముంటాది."

"రథసప్తమి నాడా?" అన్నాడు గణపతిరావు, ఊపిరి తీసుకోవద్దన్నట్టుగా.

కారణం ఉంది. కూతురు పద్మకుమారికి సాలూరు సంబంధం మాటల్లో ఉంది. రెండు లారీలున్న ఇల్లు. కుర్రాడి పేరు జగన్నాధం. పినతండ్రి కూతురి పెళ్ళిలో పద్మకుమారి అతన్ని ఒకసారి చూసింది. అప్పట్నుంచి ఇంకో సంబంధం పేరెత్తితే తలనొప్పి అని పడుకుంటోంది. ఆ ఇంట్లో మాటంతా కుర్రాడి నాయనమ్మది; ఆవిడ పేరు తాతమ్మ. వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పెళ్ళిచూపులకు ముందు, మగపెళ్ళివారి తరపున పెద్దావిడ ఒకతె దారిన పోయే మనిషిలా వచ్చి, మంచినీళ్ళడిగి, అరుగు మీద కూర్చుని, పిల్ల ఇంట్లో ఎలా మసులుతోందో చూసి వెళ్తుంది. పేరు చెప్పదు, ఊరు చెప్పదు. ఆడపెళ్ళివారికి తెలిసినా తెలియనట్టే ఉండాలి.

సంబంధం తెచ్చిన కూర్మయ్య చెవిలో ఊదిపోయాడు. "రేపే సెల్లీ. దేవుడికెల్తన్నట్టు వస్తాది. మంచినీళ్ళడుగుతాది. నువ్వెరగనట్టే ఉండు."

తెల్లారి గణపతిరావు కండువా వేసుకున్నాడు. "ఒక్క రైలుబండి సూసి వచ్చేత్తాను" అన్నాడు. సుభద్రమ్మ ఇల్లలికి, ముగ్గేసి, తోమిన ఇత్తడి చెంబు అరుగు మీద పెట్టి, పిల్లకు జడవేసి కూర్చుంది. బండ్లు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. మొగుడు రాలేదు. ముసలమ్మా రాలేదు.

మధ్యాహ్నానికి జట్కా వచ్చింది. అందులోంచి నలుగురు ముసలమ్మలు దిగారు.

"అమ్మా, కాసిన్ని మంచినీళ్ళు" అంది మొదటావిడ.

"నాకూను తల్లీ" అంది రెండో ఆవిడ. మిగతా ఇద్దరూ చేతులు చాపారు.

సుభద్రమ్మ నలుగురికీ నీళ్ళు పోసింది. జట్కా తోలే సోములుని పక్కకు పిలిచింది.

"వీళ్ళంతా తప్పిపోయినోళ్ళేనేటి?"

"బాబుగోరు అలగే అన్నారమ్మా."

"నాను తప్పిపోనేదని ఎవరైనా అన్నారా?"

"అన్నారమ్మా."

"ఎవరు?"

"నలుగురూను" అన్నాడు సోములు. "అందరూ అలగే అంటారు, ఎక్కించీమన్నారు బాబుగోరు."

ఇంక ముఖాలు చూసి తేల్చుకోవడమే మిగిలింది. ఒకావిడ కొడుకు పేరు పెట్టి ఏడుస్తోంది. ఇంకొకావిడ గోడకి చేరబడి నిద్రలోకి జారుకుంది. మూడో ఆవిడ బక్కగా, మూట ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చుంది. నాలుగో ఆవిడ మాత్రం ముక్కున బంగారు బేసరితో నిటారుగా నడవ మధ్యలో నిలబడి, దూలాలు లెక్కపెడుతున్నట్టు ఇల్లంతా కలయజూసింది. "పిల్లా, ఇలాగరా. సెయ్యి సూపీ" అని పద్మకుమారి అరచేతులు తిప్పి చూసింది.

ఈవిడే, అనుకుంది సుభద్రమ్మ. పెత్తనం అంటే ఇదీ.

ఆ పెద్దావిడకు పీట, మిగతా వాళ్ళకు చాప. ఆవిడ ఆకులో నెయ్యి, దాచిన మామిడికాయ ఊరగాయ.

"పప్పులో ఉప్పు తగ్గింది" అంది ఆవిడ.

"తగ్గిందమ్మా" అని ఒప్పేసుకుంది సుభద్రమ్మ. నిజానికి తగ్గలేదు. పద్మకుమారి వడ్డనలో ఉండగా మూల కూర్చున్న బక్కావిడ దాహమంటూ లేచి వంటింట్లోకి పోయింది. పోతే పోయిందిలెమ్మని సుభద్రమ్మ పట్టించుకోలేదు.

ఆకులు తీసే వేళకు గణపతిరావు ఊడిపడ్డాడు. వెనకాల ఒక కుర్రాడు.

"సుభద్రా! ఈ బాబు నాయనమ్మ తప్పిపోయిందట. బస్సులు ఆగే కాడ లారీ పెట్టుకుని పొద్దున్నించి సూస్తన్నాడు పాపం. మన కాడ ఉందేమో సూడు."

పద్మకుమారి చేతిలో గరిటె ఆగిపోయింది. జగన్నాధం ఆమెను చూసి, నేలను చూసి, మళ్ళీ ఆమెను చూశాడు.

సుభద్రమ్మ పొంగిపోయి పీట వైపు చెయ్యి చాపింది. "ఇరుగో బాబూ మీ నాయనమ్మగారు. మర్యాదకేటీ లోటు సెయ్యనేదు."

"ఈడెవడు?" అంది పీట మీది పెద్దావిడ. "నాకు మనవలే నేరు. మాది భావనపాడు. నాను సేపలమ్ముకునే దాలమ్మని."

వంటింటి గుమ్మంలోంచి బక్కావిడ బయటికొచ్చింది. చేతిలో గిన్నె మూత.

"ఒరే జగన్నాధం! నాను సూడకముందు నువ్వు సూడకూడదని సెప్పినానా నేదా, సచ్చినోడా!"

సుభద్రమ్మకు చాప మీద కూర్చోబెట్టినది గుర్తొచ్చింది, నెయ్యి వెయ్యనిది గుర్తొచ్చింది. అంతా అయిపోయింది. తెలియనట్టు ఉండాలన్న మాట కూడా అయిపోయింది. మొగుడి మీద విరుచుకుపడింది.

"ఊళ్ళో తప్పిపోయినోళ్ళందర్నీ ఎతుకుతారు! ఇంట్లో మీకో కూతురుందని ఎవరు మైకులో సెప్పాలండీ?"

గణపతిరావు కండువా తీసి చేతికి చుట్టుకున్నాడు. "నాను అడిగినాను సుభద్రా. ఎవరింటికమ్మా అంటే సెప్పనంది. పేరేటంటే నీకెందుకంది. అలాటి మనిసిని రోడ్డు మీద వదిలీమంటావా?"

"సెప్పితే ఇంకేటి సూడ్డం!" అని కసిరింది తాతమ్మ. "ఈయన నన్ను రెక్క పట్టుకుని జట్కా ఎక్కించినాడు. దిగిపోదునే. గణపతిరావుగోరిల్లని ఆ బండోడు అన్నాడు గాబట్టి కూకున్నాను. నడక తప్పింది."

ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చో రాదో తెలీదు.

తాతమ్మ మూత పక్కన పెట్టింది. "ఊరిసేవ సేసీవోడి ఇల్లంటే నాకు బయమమ్మా. ఊరికి పెట్టి పెళ్ళాం బిడ్డల్ని పస్తులు పెడతారు. అందుకే గిన్నెలన్నీ మూతలు తీసి సూసినాను. నలుగురం తిన్నాక కూడా మీ ముగ్గురికీ ఉంది. నువ్వు గట్టిదానివే."

"మరి పిల్ల..." అంది సుభద్రమ్మ.

"రెండో మాటు అన్నంలోకి సారడిగితే ఇసుక్కుంది."

పద్మకుమారి తల దించుకుంది.

"ఇసుక్కుని, మళ్ళీ తెచ్చి నిండా పోసింది. అస్సలు ఇసుక్కోనోళ్ళని నాను నమ్మను. ఈ మాసం దాటకుండా ముహూర్తం సూడండి. ఒకటే మాట. పెళ్ళినాడు ఈయన్ని పందిరి గుంజకి కట్టీండి."

"సేసుకోండి, పిల్ల మంచిదే" అంది దాలమ్మ పీట మీంచి. "పప్పే బాగునేదు."

సుభద్రమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే, గణపతిరావు కాబోయే అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఏదో దీవెన అనబోతున్నాడనుకున్నారంతా.

"బాబూ, లారీ ఖాళీగానే ఉందా?"

"ఉంది మావా. సాలూరెల్లిపోతాం."

"కాదు, ఈ ముగ్గురూను... దాలమ్మది భావనపాడు. మిగతా ఇద్దరిదీ ఆ దారే."

"అది ఎదుర్దారి కదేటండీ!" అంది సుభద్రమ్మ.

జగన్నాధం తలుపు చాటున ఉన్న జడ కొస వైపు చూశాడు. "దింపీసి ఎల్తాం మావా. ఎంతసేపు."

"సంబందం కలవనే నేదు, లారీ పోయింది" అని తాతమ్మ నుదురు కొట్టుకుంది.

ముందు సీటులో తాతమ్మ, దాలమ్మ ఇరుక్కుని కూర్చున్నారు. ఏడ్చే ఆవిణ్ణి, నిద్రపోయే ఆవిణ్ణి గణపతిరావు వెనక గడ్డి పరిచి ఎక్కించాడు. ఉప్పు తగ్గిందని ఒకరు, తగ్గలేదని ఒకరు గట్టిగా వాదించుకుంటూ ఉండగా, పడమటికి పోవలసిన సాలూరు లారీ సముద్రం వైపు కదిలింది.