తవిత ఊదిన శంఖం

సముద్రం తమ దీవిలోని పాత అపియా పట్టణాన్ని మింగాక కొండమీద కట్టిన కొత్త నగరంలో జనం ప్రాణాలు తీసేది ఎండ. ఎండ ముదిరితే నగరం చుట్టూ కట్టిన అద్దాల గోడలో తలుపులన్నీ వాటంతటవే మూసుకుంటాయి. హెచ్చరికగా మొదట్లో సైరన్ పెట్టారు. ఎవరు లెక్కచేశారు గనక! అప్పుడు సభలో లేచి చెప్పింది మసీనాయే.

"సైరన్ మోతంటే మావాళ్ళకి వేళాకోళమయ్యా. శంఖం ఊదండి. పొయ్యిమీద కూర మాడుతున్నా సరే, ఎక్కడివాళ్ళక్కడ కూర్చుంటారు."

నిజమే. సాయంత్రం ప్రార్థన శంఖం వినబడితే ఉన్నచోటే కూర్చోవడం, రెండో శంఖం దాకా కదలకపోవడం తాతల నాటి పద్ధతి. అధికారులు మురిసిపోయి, ఊరికి శంఖం ఊదే తవిత చేత, అంటే మసీనా మొగుడి చేతే, ఊదించి యంత్రంలో పెట్టుకున్నారు. ప్రార్థనకూ అదే, ఎండకూ అదే. మసీనా ఎంత పొంగిపోయిందో!

ఆ రోజు పొద్దు వాలుతుండగా తవిత నగరం గేటు బయట చామదుంపలు తవ్వుకొస్తానని బయల్దేరాడు.

"ఈ వయసులో నీకెందుకయ్యా ఎండలో తిరుగుళ్ళు? లోపల దొరకటంలా?"

"ఆ డబ్బాల్లో పెంచిన దుంపలు నువ్వే తినవే. సబ్బు నమిలినట్టుంటాయి" అని నవ్వుతూ పోయాడు.

బుట్ట నింపుకుని గేటు దాకా వచ్చాడో లేదో, శంఖం మోగింది. పొద్దు వాలినా ఎండ మళ్ళీ ముదిరిందని యంత్రం ఊదిన శంఖమది. తలుపులు మూసుకున్నాయి. తవిత మాత్రం ప్రార్థన అనుకున్నాడు. బుట్ట దించి, బాసింపట్టు వేసుకుని తల వంచాడు. బయట చిక్కుకున్నవాళ్ళ కోసం కట్టిన చల్లని గది పక్కనే ఉంది. దాని తలుపు తీసే ఉంది.

"లేవయ్యా! ప్రార్థన కాదు, ఎండ! ఆ గదిలోకి పో!"

గేటు లోపల అతని కోసం ఎదురుచూస్తున్న మసీనా అద్దాన్ని పిడికిళ్ళతో బాదింది. మాట అద్దం దాటదు. తవిత తలెత్తి, విసుగ్గా మొహం పెట్టి, కూర్చోమని చెయ్యి ఊపాడు. శంఖం మోగాక నిలబడి కేకలా, సిగ్గులేకుండా! మళ్ళీ తల వంచుకున్నాడు.

"తలుపు తెరవండర్రా, మీ కాళ్ళు పట్టుకుంటా" అని ఏడ్చింది మసీనా.

"రెండో శంఖం దాకా తెరుచుకోదమ్మా. నువ్వు పెట్టించిన పద్ధతేగా" అన్నాడు కింద కూర్చున్న పెద్దాయన, గొంతు తగ్గించి.

రెండో శంఖం చీకటి పడ్డాక మోగింది. అందరూ లేచారు. తవిత లేవలేదు.

అతణ్ణి పూడ్చిన మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ శంఖం. తవిత ఊపిరే. ఆ యంత్రాన్ని బద్దలుకొట్టాలనిపించింది మసీనాకు. కానీ కాళ్ళు వాటంతటవే మడుచుకున్నాయి. ఊరంతటితోపాటు తనూ కూర్చుంది.